రెండు కొండల మధ్య సూర్యుడు: నెల్లూరు పిల్లకి ఈ సీనరీ ఎక్కడి నుంచి వచ్చింది?

#1 పెన్నఒడ్డు (నెల్లూరు), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బొమ్మల సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

మా పాప ఐదో తరగతి. బళ్లో ‘ప్రకృతి దృశ్యం వేసుకురండి’ అన్నారట. అరగంటలో వేసేసింది. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, చుట్టూ కిరణాలు, కొండల సందులోంచి వంకర తిరుగుతూ ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు పక్షులు. చిన్నప్పుడు నేనూ ఇదే వేశాను. మా ఆవిడా ఇదే వేసిందట.

పాపను మేడ మీదకి తీసుకెళ్లాను. మా ఇల్లు కోవూరు దారిలో. తూర్పుకి చూస్తే వరిచేలు, తుమ్మచెట్లు, కరెంటు స్తంభాలు, అంతే. కొండ అన్నదే కనబడదు. సూర్యుడు చేలలోంచే లేస్తాడు. ‘ఈ కొండలు ఎక్కడ చూశావమ్మా?’ అన్నాను. కాసేపు ఆలోచించి, ‘సీనరీ అంటే ఇట్టానే వెయ్యాలి కదా నాన్నా’ అంది. కిందికి దిగుతూ తనే అడిగింది, ‘మన ఊరిని ఎవరూ బొమ్మ వెయ్యలేదా?’ అని.

నా దగ్గర జవాబు లేదు. దేవుడూ రాజూ కథా ఏమీ లేకుండా, ఉత్త నేలనీ చెట్లనీ ఆకాశాన్నీ బొమ్మగా వెయ్యడం ఎప్పుడు మొదలైంది? మనవాళ్లు వేశారా? పాపకి చెప్పగలిగేలా ఎవరైనా చెప్పండి.

#2 ఒంగోలు మాస్టారు (ఒంగోలు), శనివారం రాత్రి 10:25

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 30 ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. ఆ రెండు కొండల బొమ్మ నేనూ బోర్డు మీద వేసి నేర్పాను. యాభై మంది పిల్లలు, ఒక్క పీరియడు. స్కేలూ వృత్తలేఖినీ తెలిసిన పిల్లలు ఎవరైనా వెయ్యగలిగేది అదే. మీ పాప అడిగిన మాట చదివాక నాకు నిద్ర పట్టేలా లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

గ్రీసు దగ్గర సాంటోరిని అనే దీవి ఉంది. దాదాపు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి అక్కడి అక్రోతిరి అనే ఊరు బూడిదలో కూరుకుపోయింది. తవ్వితే ఒక గది గోడల మీద ఎర్రటి రాళ్లు, వాటి మీద లిల్లీ పూలు, ఎగిరే వానకోయిలలు బయటపడ్డాయి. ఆ బొమ్మలో మనిషి లేడు. రోము ఊరి బయట అగస్టస్ చక్రవర్తి భార్య లివియా ఇంట్లో నేలమాళిగ గది నాలుగు గోడలా తోట వేయించారు. దానిమ్మలు, పిట్టలు, నీలపు గాలి. అక్కడా మనుషులు లేరు. అంటే ఆ కోరిక మనిషికి పాతదే.

తర్వాత యూరప్‌లో చాలా వందల ఏళ్లు నేల వెనక్కి వెళ్లిపోయింది. ముందు మేరీమాత, వెనక చిన్న కొండ. మన క్యాలెండర్‌లో లక్ష్మీదేవి వెనక కొలను ఉన్నట్టు. ఆ వెనకది మెల్లగా ముందుకొచ్చిన కథే ఈ సీనరీల చరిత్ర. 1473 ఆగస్టు 5న, ఇరవై ఒక్క ఏళ్ల లియొనార్డో డావిన్సీ ఆర్నో నది లోయని కలంతో గీసి, ఆ తేదీ కాగితం మీదే వేసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లో ఉంది. ఆ తేదీ నాకు చాలా ఇష్టం. ఫలానా రోజున ఫలానా చోటు ఇలా కనబడింది అని చెప్పడమే కదా అది. 1521లో జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ తన డైరీలో పాటినిర్ అనే ఆయన్ని ‘మంచి ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు’ అని రాసుకున్నాడు. ఈ పనికి ఒక మనిషి పేరు పడే రోజులు వచ్చాయన్నమాట. అయినా పాటినిర్ కూడా ఎక్కడో ఒక మూల చిన్న సాధువుని కూర్చోబెట్టక తప్పలేదు.

#3 మార్కాపురం పలక, శనివారం రాత్రి 11:05

ఆ సీనరీ నేను మొదట వేసింది పలక మీద. మా ఊరి రాయితో చేసిన పలకే. బలపంతో సూర్యుణ్ణి గీసి, ఉమ్మి తడిచేసిన వేలితో కొండ అంచు తుడిచేవాణ్ణి, మంచు కమ్మినట్టు ఉంటుందని. మాస్టారూ, మీరు యూరప్ వరకే చెప్పారు. చైనా బొమ్మల్లో అన్నీ కొండలే కదా, అవి ఎప్పటివి?

#4 ఉదయగిరి అమ్మాయి, ఆదివారం ఉదయం 7:15

చైనా సంగతి నేను చెప్తాను అన్నా. ఫైన్ ఆర్ట్స్ చదివేటప్పుడు నన్ను పట్టుకుని వదలనిది అదే.

వాళ్లు ఈ బొమ్మలకి పెట్టిన పేరు ‘కొండ-నీళ్లు’. అంతే, రెండే మాటలు. జోంగ్ బింగ్ అని ఒకాయన 375లో పుట్టి 443 దాకా బతికాడు. జీవితమంతా కొండలెక్కి తిరిగాడు. ముసలితనంలో కాళ్లు సాగక, తిరిగిన కొండలన్నీ గది గోడల మీద వేసుకుని, పడుకునే వాటిలో తిరుగుతున్నానన్నాడట. యూరప్‌లో నేల ఇంకా సాధువుల వెనకే ఉన్న రోజుల్లో, దాదాపు 1000వ సంవత్సరం నాటికి ఫాన్ క్వాన్ రెండు మీటర్లకు పైగా ఎత్తున్న పట్టు మీద ఒక్క కొండని నిలబెట్టాడు. తైపీ మ్యూజియంలో ఉంది. బొమ్మలో మూడింట రెండు వంతులు కొండే. ఒక సన్నటి జలపాతం దారంలా జారుతుంటుంది. కింద కుడి మూల, వెతికితే తప్ప కనబడనంత చిన్నగా, బరువులు మోసే కంచరగాడిదల వరస, ఇద్దరు మనుషులు. ఆయన సంతకం కూడా అక్కడే చెట్ల ఆకుల్లో దాగి ఉంది. దాన్ని 1958లో గాని ఎవరూ కనిపెట్టలేకపోయారు.

ఆ తర్వాత వచ్చిన గువో షీ దూరాలు మూడని చెప్పాడు. కింద నిలబడి పైకి చూసే దూరం, ముందు నిలబడి లోపలికి చూసే దూరం, ఇవతలి కొండ మీది నుంచి అవతలికి చూసే దూరం. అది చదివిన రోజు మా ఊరు గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మా వీధిలో నిలబడి ఉదయగిరి దుర్గం వైపు తలెత్తితే మెడ నొప్పి పుట్టేది. సాయంత్రం అదే కొండ మీది నుంచి చూస్తే వెలికొండల వరసలు ఒకదాని వెనక ఒకటి, ప్రతిదీ ముందుదాని కంటే కాస్త పలచటి నీలం. మూడు దూరాలూ మా ఊళ్లోనే ఉన్నాయి.

#5 పెన్నఒడ్డు, ఆదివారం ఉదయం 8:02

మాస్టారూ, ఉదయగిరి అమ్మాయీ, చాలా థ్యాంక్స్. గోడల మీద కొండలు వేసుకున్న తాత కథ పాపకి చెప్పాను, నోరు తెరుచుకుని వింది. కానీ అమ్మా, మీకంటే కొండ ఉంది. మా వైపు నేలంతా చాపలా పరుచుకుని ఉంటుంది. ఇందులో వెయ్యడానికి ఏముంది అంటే ఏం చెప్పను?

#6 పరాయిగడ్డ నెల్లూరోడు (నెదర్లాండ్స్), ఆదివారం మధ్యాహ్నం 1:30

అన్నా, ఆ ప్రశ్నకి జవాబు నేను రోజూ చూసే ఊళ్లో ఉంది.

నాది నెల్లూరు, రంగనాయకుల పేట. ఉద్యోగం ఇక్కడ. వచ్చిన కొత్తలో ఈ దేశం చూసి దిగులేసింది. ఎటు చూసినా చదును నేల, కాలవలు, గట్లు. కోవూరు నుంచి అల్లూరు పోయే దారిలా ఉంటుంది, కాకపోతే చలి. ఒక ఆదివారం హేగ్‌లో మారిట్స్‌హౌస్ అనే మ్యూజియానికి పోయాను. అక్కడ యాకబ్ రైస్‌డాల్ 1670 ప్రాంతంలో వేసిన చిన్న బొమ్మ ఉంది. మన టీవీ అంత కూడా ఉండదు. హార్లెమ్ ఊరు దూరంగా, సన్నటి గీతలాగా. ఆ గీత మీద చర్చి ఒక్కటే పైకి లేచి ఉంటుంది. ఆ గీత పైన మూడింట రెండు వంతులు ఆకాశమే, మబ్బులే. కింద పచ్చిక మీద తెల్లటి బట్టల పట్టీలు పరిచి ఉన్నాయి. అప్పట్లో నార బట్టలు చలవ చెయ్యడానికి అలా ఎండలో పరిచేవాళ్లట. మబ్బుల సందులోంచి ఎండ సరిగ్గా ఆ బట్టల మీద పడి మెరుస్తుంది.

నేను అక్కడ కదల్లేదు అన్నా. అది పెన్న. అవతలి ఒడ్డు నుంచి చూస్తే చాకలివాళ్లు ఇసుక మీద బట్టలు ఆరేసి ఉంటారు, తెల్లవి ఒకవైపు, రంగువి ఒకవైపు, వెనక చెట్ల వరస, దాని మీద రంగనాయకుల గుడి గోపురం ఒక్కటే లేచి ఉంటుంది. చిన్నప్పుడు వెయ్యిసార్లు చూశాను. ఒక్కసారి కూడా అది బొమ్మ అని తోచలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇక్కడ ప్రొటెస్టెంటు చర్చిలు గోడలకి బొమ్మలు వద్దన్నాయి. చర్చి నుంచి పని పోయింది. కొనేవాళ్లు వర్తకులు, పనివాళ్లు, ఇంటి గోడకి ఒక బొమ్మ కావాలనుకునే మామూలు జనం. వాళ్లకి వాళ్ల ఊరే కావాలి. యాన్ వాన్ ఖోయెన్ లాంటివాళ్లు మట్టిరంగులు నాలుగైదుతో, పలచగా, వేగంగా వేసి అంగట్లో అమ్మారు. ఆయన తులిప్ గడ్డల బేరంలో డబ్బు పోగొట్టుకుని అప్పుల్లోనే పోయాడు పాపం. కొండ లేని నేలని ఎలా వెయ్యాలో కనిపెట్టింది వీళ్లే. నేల గీతని కిందికి దించేశారు. మిగతాదంతా ఆకాశానికి ఇచ్చేశారు.

ఇంగ్లీషువాళ్ల ‘ల్యాండ్‌స్కేప్’ మాట కూడా ఇక్కడిదే. వీళ్ల భాషలో మొదట ఒక సీమ, ఒక ప్రాంతం అని అర్థం. చిత్రకారులు బొమ్మకి వాడారు. ఇంగ్లీషువాళ్లు 1600 అటూ ఇటూ బొమ్మలతో పాటు మాటనీ తీసుకుపోయారు. వాళ్ల భాషలో ముందు బొమ్మకి ఆ పేరు, తర్వాతే నిజం నేలకి.

#7 కొత్తపట్నం కెరటం, ఆదివారం సాయంత్రం 4:10

అంతా బాగుంది. కానీ గ్రీసు, రోము, చైనా, హాలండు. మనకేమీ లేనట్టు మాట్లాడుతున్నారు. వానని, వెన్నెలని, సముద్రాన్ని మన కవులు వర్ణించినట్టు ఎవరు వర్ణించారు? ఆ పాపకి ముందు మన సంగతి చెప్పాలి గదా.

#8 కందుకూరు తెలుగు టీచర్, ఆదివారం రాత్రి 8:45

కెరటం గారి బాధ నాకు అర్థమైంది. పైగా ఆ ప్రశ్నకి జవాబు మన రెండు జిల్లాలకీ దగ్గరలోనే ఉంది.

భారతంలో నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. ఆయన చివరి పద్యం శరత్కాలపు రాత్రుల మీద. నక్షత్రాలు, తెల్లకలువల గాలి, వెన్నెల. తర్వాత సుమారు మూడు వందల ఏళ్లకి అక్కడి నుంచి అందుకున్నది మన ఎర్రన, అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేముడి ఆస్థాన కవి. ఆయన మొదటి పద్యం ఏమిటో తెలుసా? అదే శరత్కాలపు ఉదయాలు. మబ్బు విడిపోయి ఎర్రటి వెలుగు, విచ్చుకునే తామరలు, హంసల అరుపులు. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎర్రన తెల్లవార్చాడు. క్లాసులో ఈ రెండు పద్యాలూ చెప్పే రోజు నాకు పండగ.

శాస్త్రం కూడా ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రం అని ఒక భాగం. ఆకాశం, కొండ, అడవి, రాత్రి, వానాకాలం ఎలా వెయ్యాలో అందులో చెప్పారు. నీళ్లంటే చేపలూ తాబేళ్లూ తామరలూ వేసి చూపించాలి. ఉత్తరాదిలో రాజపుత్ర, పహాడీ చిత్రకారులు పన్నెండు నెలలకీ పన్నెండు బొమ్మలు వేసి బారామాసా అన్నారు. అందులో శ్రావణం మబ్బులు చూస్తే వాన వాసన వస్తుంది. కాకపోతే ఆ మబ్బు కింద ఎప్పుడూ రాధో, ఎదురుచూసే నాయికో ఉంటుంది. మనవాళ్లకి ప్రకృతి మనసుతో కలిసే ఉంది, విడిగా లేదు. అది తక్కువేమీ కాదని నా నమ్మకం.

ఇంకోటి, యూరప్‌లో కూడా అందరూ దీన్ని నెత్తిన పెట్టుకోలేదు. 1667లో ఫెలిబియాన్ అనే ఫ్రెంచి పండితుడు బొమ్మలకి మెట్లు కట్టాడు. పైన పురాణ, చరిత్ర చిత్రాలు. ఈ సీనరీలు దాదాపు అడుగున, పళ్లూ పూల బొమ్మలకి కాస్త పైన.

#9 ఒంగోలు మాస్టారు, ఆదివారం రాత్రి 9:30

టీచరమ్మా, ఎర్రన గారి మాట చెప్పి కడుపు నింపారు. కానీ ఒక్క చోట మీతో కలవలేను.

ప్రబంధంలో పద్ధెనిమిది వర్ణనలు ఉండాలన్నారు. నగరం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం. ఏ కావ్యం తీసినా నగరంలో మేడలు చంద్రుణ్ణి తాకుతాయి. అది ఏ నగరమైనా ఒకటే. మా రెండు కొండల సీనరీ కూడా సరిగ్గా అలాంటిదే కదమ్మా? అందమైనదే, కానీ ఏ ఊరిదీ కాదు. పాప అడిగింది ‘మన ఊరు’ అని. ఆ తేడా నాకు ముఖ్యం. ఆముక్తమాల్యదలో రాయలవారి వానాకాలం చదవండి. తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయలేక ఇల్లాలు పడే అవస్థ ఉంటుంది. అక్కడ కవి చూసి రాశాడు. అలాంటి చూపు మన బొమ్మల్లోకి ఎందుకు ఆలస్యంగా వచ్చిందన్నదే నా బెంగ.

#10 పరదాల మనవడు (కనిగిరి), సోమవారం ఉదయం 6:50

పెద్దలందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ‘సీనరీ’ అనే మాట చూసి ఆగలేకపోయాను.

మా తాత నాటకాల పరదాలు వేసేవాడు. పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడే రోజులు. దర్బారు పరదా, వీధి పరదా, అడవి పరదా, ఇలా సెట్టుగా అడిగేవాళ్లు. మంచి గుడ్డ పొడుగునా కుట్టించి, చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూత పూసి, ఆరాక పొడి రంగులు వేసేవాడు. కింద వెదురుబొంగు కట్టి చుట్టేవాళ్లు. ఆ పరదాలనే మా వైపు ‘సీనరీలు’ అనేవాళ్లు. బడిలో ఆ మాట విన్నప్పుడు నాకు తాత గుర్తొచ్చేవాడు.

అడవి పరదాకి ఆయన లెక్క ఒకటుండేది. రెండు పక్కలా పెద్ద చెట్లు, ముదురు రంగు. మధ్యలో దారి గానీ సెలయేరు గానీ. వెనక రెండు కొండలు, వాటి మధ్య వెలుగు. ‘దూరం పోయేకొద్దీ రంగులో నీళ్లు ఎక్కువ కలపాలిరా, లేకపోతే కొండ వచ్చి హరిశ్చంద్రుడి మీద పడుతుంది’ అనేవాడు. మాస్టారు చెప్పిన రెండు కొండల బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఆ పరదానే కనబడుతుంది.

ఒక్క పరదా ముక్క మా ఇంట్లో ట్రంకు పెట్టెలో మిగిలింది. మిగతాది ఎలుకలు కొట్టేశాయి. రాత్రి మీ రాతలు చదివి దాన్ని తీసి మంచం మీద పరిచాను. మడతల దగ్గర సుద్ద రాలిపోయింది. ఎడమ పక్క చెట్టు మొదట్లో, జనం కూర్చునే చోటి నుంచి ఎవరికీ కనబడనంత చిన్నగా, ఒక చెరువుకట్ట ఉంది. కట్ట మీద వంగిన తాడిచెట్టు. ఆ వంపు నాకు తెలుసు. మా ఊరి చెరువుకట్ట అది. తాత పోయి ఇరవై ఏళ్లయింది. నిన్నటిదాకా ఇంట్లో ఎవరూ అది చూడలేదు.

#11 ఉదయగిరి అమ్మాయి, సోమవారం మధ్యాహ్నం 12:20

మనవడు గారూ, ఆ ముక్కని మడత పెట్టకండి. గుండ్రటి గొట్టానికి చుట్టి, మధ్యలో పాత నూలుబట్ట వేసి పెట్టండి. మడత పడితే సుద్ద ఇంకా రాలుతుంది.

మీ తాతగారి లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఒక దారి కనబడుతోంది. రెండు పక్కలా ముదురు చెట్లు, మధ్యలో నీళ్లు, వెనక వెలుగు. ఇది క్లోద్ లొరాన్ పద్ధతి. ఫ్రాన్సులో పుట్టి, బతుకంతా రోములో బొమ్మలు వేసి 1682లో పోయాడు. ఆయన చెట్లని నాటకాల స్టేజీకి పక్క తెరలు కట్టినట్టే వేస్తాడని చరిత్ర రాసేవాళ్లు కూడా అంటారు. ఇంగ్లీషు జమీందార్లు ఆయన బొమ్మలు కొని కొని, చివరికి నేలని కూడా ఆ బొమ్మల్లాగే చూడటం మొదలుపెట్టారు. క్లోద్ అద్దం అని చిన్న నల్లటి అద్దం జేబులో పెట్టుకుని, లోయ దగ్గరికి వెళ్లి, లోయకి వీపు తిప్పి, అద్దంలో చూసేవాళ్లు.

ఆ చూపుతోనే మన దేశానికీ వచ్చారు. 1780లో విలియం హాడ్జెస్ మద్రాసులో దిగాడు. 1786లో థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం కలకత్తా చేరారు. హిమాలయాల నుంచి కన్యాకుమారి దాకా తిరిగి, 1795 నుంచి 1808 వరకు 144 ముద్రణ చిత్రాలు తెచ్చారు. గుళ్లూ కొండలూ నిజమైనవే, కొలతలకి, ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేలా చేసే పెట్టె కెమెరా కూడా వాడారు. కానీ ముందు ఒక నల్లటి చెట్టు, వెనక వెలుగు, ఆ అమరిక మాత్రం అదే.

తెలుగువాళ్ల సంగతికొస్తే దామెర్ల రామారావు పేరు చెప్పకుండా ఉండలేను. రాజమండ్రి కుర్రవాడు, 1897లో పుట్టాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిని గుర్తించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపాడు. తిరిగొచ్చి గోదావరిని వేశాడు. 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఏడేళ్లకే. రాజమండ్రిలో ఆయన పేరుతో గ్యాలరీ ఉంది. పాపని ఒకసారి తీసుకెళ్లండి అన్నా. పక్కవాళ్ల నదికి బొమ్మ ఉంది అని తెలిస్తే మన పెన్న సంగతి తనే అడుగుతుంది.

#12 కొత్తపట్నం కెరటం, సోమవారం రాత్రి 7:55

పరదా పోస్టు రెండుసార్లు చదివాను. నిన్న కాస్త గట్టిగా మాట్లాడాను, ఏమనుకోవద్దు. నేనూ బొమ్మలు వేస్తాను, అందుకే ఆ ఆత్రం. మొన్న మా ఊరి బీచిలో వెయ్యాలని కూర్చున్నాను. గాలికి షీటు ఆగదు, రంగు ఆరకముందే ఇసుక అంటుకుంది, అరగంటలో ఎండ మారిపోయింది. ఇలా బయట కూర్చుని వెయ్యడం ఎవరు మొదలుపెట్టారు మాస్టారూ?

#13 ఒంగోలు మాస్టారు, సోమవారం రాత్రి 9:15

బయట పెన్సిలుతో, నీటిరంగులతో గీసుకోవడం పాతదే నాయనా. తైలవర్ణం బయటికి తీసుకుపోవడమే కష్టం. రంగు నూరాలి, నూనె కలపాలి, పంది మూత్రాశయంలో కట్టి మోసుకెళ్లాలి. సూదితో పొడిచి పిండితే అది మళ్లీ మూసుకోదు. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు మూతపెట్టే తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. టూత్‌పేస్టు ట్యూబు చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ట్యూబు రాకముందే బయటికి పోయినవాడు కాన్‌స్టబుల్. ఇంగ్లండులో మిల్లు యజమాని కొడుకు. 1821, 22లలో హాంప్‌స్టెడ్ మెట్ట మీద కూర్చుని ఉత్త మబ్బులే వేశాడు. నేల కూడా లేదు. వెనక తేదీ, వేళ, గాలి ఎటు నుంచి వీస్తోందో రాసుకున్నాడు. లియొనార్డో తేదీ తర్వాత నాకు ఇష్టమైన రాత ఇదే. ఆయన గడ్డిబండి బొమ్మకి 1821లో పారిస్‌లో బంగారు పతకం ఇచ్చారు. తన ఇంటి దగ్గరి ఏటిలో నిలిచిన బండిది ఆ బొమ్మ.

తర్వాత ఫ్రాన్సులో ఫాంటెన్‌బ్లో అడవి పక్కన బార్బిజాన్ అనే పల్లెలో కొందరు కాపురం పెట్టి చెట్లు వేశారు. ఆ వెనక మోనే. 1890, 91లలో ఇంటి పక్క చేలో వాములు పట్టుకుని ఇరవైకి పైగా బొమ్మలు వేశాడు. పొద్దున ఒకటి, మంచులో ఒకటి, సాయంత్రం ఒకటి. వాము అదే, వెలుగు మారేది. ఎండ మారిపోయింది అన్నావు కదా కెరటం, ఆయన ఎండ మారినప్పుడల్లా ఇంకో గుడ్డ అందుకునేవాడు. వరికోతలయ్యాక నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైల్లో రండి. కిటికీలో ఎన్ని వాములు! వాటిని చూస్తూ పోయినన్ని సార్లూ నాకు మోనేకి ఉత్తరం రాయాలనిపించేది.

#14 పరాయిగడ్డ నెల్లూరోడు, సోమవారం రాత్రి 9:50

మాస్టారూ, చిన్న సవరణ. గడ్డిబండి బొమ్మని లండన్‌లో చూపించింది 1821లో. పారిస్‌లో పతకం వచ్చింది 1824లో.

#15 ఒంగోలు మాస్టారు, సోమవారం రాత్రి 9:58

అవును బాబూ, 1824. దిద్దినందుకు సంతోషం.

#16 చీమకుర్తి కుర్రోడు, మంగళవారం ఉదయం 5:40

నేను క్వారీలో పనిచేస్తాను. షిఫ్టు దిగి వచ్చి చదువుతున్నాను. మా దగ్గర నల్లరాయి తీస్తారు, లోపల వెండి చుక్కలు మెరుస్తుంటాయి. చిన్నప్పుడు బొమ్మ వేసిన నేల ఇప్పుడు లేదు. దాని చోట మెట్లు మెట్లుగా గొయ్యి ఉంది. అడుగున వాన నీళ్లు ఆకుపచ్చగా నిలుస్తాయి. రాత్రి లైట్లు వేస్తే పైనుంచి చూడ్డానికి భయంగానూ ఉంటుంది, అందంగానూ ఉంటుంది. దాన్ని వేస్తే సీనరీ అంటారా? ఇంట్లో చెప్తే, గొయ్యిని ఎవరైనా గోడకి పెట్టుకుంటారా అన్నారు.

#17 ఉదయగిరి అమ్మాయి, మంగళవారం ఉదయం 10:30

తమ్ముడూ, తప్పకుండా వెయ్యి. నీకు ముందు వేసినవాళ్లు ఉన్నారు.

లూథర్‌బర్గ్ అని ఒకాయన. ఆయన 1801లో కోల్‌బ్రూక్‌డేల్ అనే చోట ఇనుము కరిగించే కొలుముల్ని రాత్రి పూట వేశాడు. ఆకాశమంతా మంటతో ఎర్రగా, ముందు నల్లటి నేల, గుర్రాలు, గొట్టాలు. చూస్తే భయంగానూ ఉంటుంది, అందంగానూ ఉంటుంది. నువ్వు రాసిన మాటే. ఇంకా ఒక సంగతి పరదాల మనవడు గారికి. ఈ లూథర్‌బర్గ్ అంతకుముందు లండన్‌లో డ్రూరీ లేన్ నాటకశాలకి పరదాలు వేసిన మనిషి! ఇంగ్లీషులో సీనరీ అనే మాట కూడా మొదట స్టేజీ మీది తెరలకే. నిజం కొండల్నీ లోయల్నీ ఆ పేరుతో పిలవడం తర్వాత వచ్చింది. మీ ఊళ్లో ఆ మాట పాత అర్థంలోనే బతికింది.

ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో వానలో వంతెన మీద దూసుకొచ్చే రైలుని వేశాడు. అప్పటికి రైలు కొత్త వింత. మన గొయ్యి కూడా అంతే. ఒక సలహా తమ్ముడూ, నల్లరంగు ట్యూబు నేరుగా వాడకు. నీలమూ గోధుమరంగూ కలిపి నలుపు చేసుకో. అప్పుడు రాయి లోపలి మెరుపు బతుకుతుంది.

#18 పెన్నఒడ్డు, ఆదివారం రాత్రి 8:20

వారం తర్వాత రాస్తున్నాను. ఈ వేళ పొద్దున పాపని తీసుకుని పెన్న ఒడ్డుకి వెళ్లాం, పరాయిగడ్డ తమ్ముడు చెప్పిన వైపుకే. అట్ట, క్లిప్పులు, వాటర్ కలర్ డబ్బా, సీసాలో నీళ్లు.

చాకలామె ఒకావిడ అప్పుడే దుప్పట్లు పరుస్తోంది. నాలుగు మూలలా రాళ్లు పెడుతోంది, ఎగరకుండా. పాప ముందు స్కేలు అడిగింది. తేలేదమ్మా అన్నాను. చేత్తోనే ఒక గీత గీసింది, షీటు సగంలో. కాసేపు చూసి రబ్బరుతో చెరిపి, కిందికి దించి మళ్లీ గీసింది. అప్పుడు పైన మిగిలిన తెల్లకాగితం చూసి కంగారుపడింది. ‘నాన్నా, మబ్బులే లేవు. ఏమీ లేని ఆకాశం ఎట్టా వెయ్యాలి?’ అని.

నాకు తెలియక మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన అట్టని కొంచెం ఏటవాలుగా పట్టుకోమన్నారు. పైన నీలం ఎక్కువ పెట్టి, కిందికొచ్చేకొద్దీ నీళ్లు పెంచుతూ, చివర్లో చిటికెడు పసుపు. రంగు తనంతట తనే జారింది. పాప ఊపిరి బిగబట్టి చూసింది. దుప్పట్లకి రంగు వెయ్యలేదు, చుట్టూ ఇసుక రంగు వేసి కాగితం తెలుపునే వదిలేసింది. గోపురం గోరంత వచ్చింది. రాళ్లు కూడా పెట్టింది, దుప్పటికి నాలుగు చొప్పున.

ఆ చాకలామె వచ్చి చూసి, ‘నా గుడ్డలే!’ అంది. పాప సిగ్గుతో నా వెనక దాక్కుంది.

ఫోటో కింద పెట్టాను. వచ్చే ఆదివారం మైపాడు పోదామంటోంది. సముద్రం గీత ఎక్కడ పెట్టాలని ఇప్పటి నుంచే అడుగుతోంది మాస్టారూ.

#19 ఒంగోలు మాస్టారు, ఆదివారం రాత్రి 8:41

దుప్పటి మూలల్లో రాళ్లు చూశాను. చాలాసేపు చూశాను.

మైపాడుకి తెల్లవారుజామునే వెళ్లండి. షీట్లు రెండు పట్టుకెళ్లండి. ఇసుకలో కూర్చుని ఒకటి, లేచి నిలబడి ఒకటి వెయ్యమనండి. కూర్చుంటే నీళ్లు సన్నటి పట్టీలా కనబడతాయి, నిలబడితే వెడల్పవుతాయి. రెండూ నాకు పంపండి.